ఎడమ పురి

కదురు మళ్ళీ జారింది. దారం పుటుక్కున తెగి, కదురు గచ్చు మీద దొర్లుకుంటూ పోయి కిటికీ దగ్గర నిలబడి ఉన్న లావుపాటామె కాళ్ళ దగ్గర ఆగింది. ఆమె దాన్ని తీసి ఇస్తూ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె దేనికైనా నవ్వుతుంది. వాన వచ్చినా నవ్వుతుంది, రాకపోయినా నవ్వుతుంది. అందుకే ఉన్ని వడికే ఆ షెడ్డులో అందరూ ఆమెను నవ్వులక్క అంటారు. ఆ నవ్వులో విషం ఉండదని కొత్తగా చేరినామెకు తెలుసు. తెలిసినా చెవులు వేడెక్కాయి.

కొత్తామెకు కూడా పేరు పెట్టేశారు. దర్జీ దుకాణంలో ఏళ్ళ తరబడి చొక్కాలకు బొత్తాలు కుట్టిందని, దుకాణం యజమాని బొత్తాలు కుట్టే మిషను కొనుక్కున్నాక ఇంట్లో కూర్చుందని తెలియగానే బొత్తాలక్క అయిపోయింది. ఈ రేకుల షెడ్డుకి ఆమెను వెంటబెట్టుకొచ్చింది పక్కవీధిలో ఉండే స్నేహితురాలు. ఆ స్నేహితురాలి పేరు పొడుగు. మనిషి అంత పొడుగు. నిలబడి ఉన్ని వడికేచోట పొడుగుండడం వరమే. అందరి కదుళ్ళూ చప్పున నేలకి ఆనితే, ఆమె కదురు ఇంకా ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది. మిగతావాళ్ళు రెండుసార్లు దారం చుట్టుకునేలోపు ఆమె ఒక్కసారి తాపీగా చుట్టుకుంటుంది.

"కదురుని చూడకే, వేళ్ళని చూడు. దాని పని అది చేసుకుంటుంది" అంది పొడుగు.

చెప్పడం తేలికే. పై చేత్తో ఉన్ని పాయ పట్టుకోవాలి. కింది చేత్తో కదురు కాడను చిటికె వేసినట్టు తిప్పి వదలాలి. కదురు గాల్లో వేలాడుతూ గిర్రున తిరుగుతుంటే పురి దారంలోకి ఎక్కుతుంది. ఆ పురి వేళ్ళ దాకా పాకేలోపు ఉన్నిని సన్నగా సాగదీసి ఉంచాలి. పురి తొందరపడితే తాడులా ముద్దకడుతుంది. వేళ్ళు తొందరపడితే ఉన్ని విడిపోయి కదురు నేల మీద పడుతుంది. బొత్తాలక్క కుడిచేత్తో చిటికె వేస్తే కదురు రెండు చుట్లు తిరిగి, పెళ్ళికి పిలవని చుట్టంలా అలిగి ఆగిపోతుంది. ఆగిన కదురు మెల్లగా వెనక్కి తిరుగుతుంది. ఎక్కిన కాస్త పురీ దిగిపోతుంది.

"ఈ కదురు బరువు ఒక పక్కకే ఉన్నట్టుందే" అంది బొత్తాలక్క.

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే" అంది పొడుగు. తన కదురు ఆమెకిచ్చి, ఆమె కదురు తాను తీసుకుంది. అదే కదురు పొడుగు చేతిలో బొంగరంలా తిరిగింది. పొడుగు కదురు బొత్తాలక్క చేతిలో పడిపోయింది.

అటు వెళ్తూ మేస్త్రమ్మ ఆగి చూసింది. పనులన్నీ పంచేది, చూసేది, దారం తీసుకునేది ఆవిడే. మాట కటువు గానీ చెయ్యి నిఖార్సయింది. శనివారం రెండు పోగులు కలిపి పేనే పరీక్ష ఉందని, అప్పటికి ఒక కండెడు దారమైనా తీయలేకపోతే ఉన్ని దండగ చేయడం తనకు కుదరదని చెప్పింది. కొత్తామెకు కాదు, పొడుగుకి చెప్పింది. ఎందుకంటే, దీని వేళ్ళు నాకు తెలుసు మేస్త్రమ్మా, నా పూచీ, అని తీసుకొచ్చింది పొడుగే.

మధ్యాహ్నం అన్నాల వేళ ఇద్దరూ షెడ్డు వెనక మెట్ల మీద కూర్చున్నారు. పిట్టగోడ మీద పెట్టిన కదురు గాలికి కదిలి దొర్లింది. అది నేలకి చేరేలోపే బొత్తాలక్క ఎడమచెయ్యి చటుక్కున వెళ్ళి దాన్ని పట్టుకుంది. కుడిచేతిలో అన్నం ముద్ద అలాగే ఉంది. తల కూడా తిప్పలేదు.

పొడుగు నమలడం ఆపింది.

"నీది పుర్రచేతి వాటమా?"

బొత్తాలక్క దొరికిపోయిన దొంగలా చెయ్యి వెనక్కి తీసుకుంది. చిన్నప్పుడు ఉండేదని, పోయిందని చెప్పింది. ఎలా పోయిందంటే, బళ్ళో పంతులమ్మ ఆమె జడ రిబ్బనే విప్పి ఆ చేతిని బల్లకోడుకి కట్టేసేది. ఏడాదంతా కట్టింది. ఆ తర్వాత కట్టకపోయినా ఆ చెయ్యి దేనికీ ముందుకి రాలేదు. రాయడం, తినడం, సూది పట్టడం అన్నీ కుడిచేత్తోనే. మరి సూదిపని అంత బాగా ఎలా వచ్చిందని పొడుగు అడిగితే, ఎలా వచ్చిందీ, ఏడ్చి ఏడ్చి వచ్చింది, అంది.

"ఆ చేత్తో తిప్పు."

"వద్దే. చూస్తే ఏమనుకుంటారు?"

"ఇక్కడ నీకు రిబ్బను కట్టేవాళ్ళెవరు? తిప్పు."

బొత్తాలక్క చెయ్యి కడుక్కుని లేచింది. మెట్ల మీద ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుంది. ఉన్ని పాయను కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమచేత్తో కాడను పట్టుకుంది. ఆ వేళ్ళకి ఎవరూ ఏమీ నేర్పలేదు. అయినా చిటికె పడింది. కదురు గిర్రున తిరిగింది, తిరుగుతూనే ఉంది. మెట్టు మీంచి కింది మెట్టుకి, అక్కడి నుంచి నేల దాకా దిగింది. పైన కుడిచేతి వేళ్ళ మధ్య నుంచి దారం జారుతోంది. అక్కడక్కడా గొంగళిపురుగులా లావెక్కుతోంది గానీ తెగలేదు. కదురు నేలకి ఆనాక కూడా ఆమె అలాగే నిలబడిపోయింది.

"చుట్టుకోవే, మళ్ళీ విప్పుకుంటుంది" అంది పొడుగు.

ఆ సాయంత్రం ఇంట్లో బొత్తాలక్క స్టూలెక్కి మరీ వడికింది. స్టూలెక్కితే పొడుగంత దారం వస్తుందని ఆశ. బస్సుల డిపోలో పనిచేసే భర్త ఉన్ని బుట్ట పట్టుకుని కింద నిలబడ్డాడు. మా ఆవిడ ఎడమచేత్తో వడుకుతోంది, కుడిచేత్తో మొట్టికాయలు వేస్తోంది, రెండు చేతులా సంపాదనే, అని పక్కింటాయనకి కిటికీలోంచి వినిపించేలా అన్నాడు. ఆమె తీసిన దారాన్ని దీపం కింద పెట్టి చూశాడు. అందులో వేలంత లావున్న చోటూ ఉంది, వెంట్రుకంత సన్నమైన చోటూ ఉంది. బ్రహ్మాండంగా ఉందన్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు, అందామె నవ్వుతూ.

మర్నాటి నుంచి షెడ్డులో కదురు పడిన చప్పుడు తగ్గింది. ఎడమచేత్తో తిప్పుతోందని నవ్వులక్క చూసి నవ్వింది, మరొకామె ముక్కున వేలేసుకుంది. మేస్త్రమ్మ మాత్రం, చెయ్యి ఏదైతే నాకేం, దారం కావాలి, అంది. ఆ మాట బొత్తాలక్కకు కొండంత బలమైంది. లావుసన్నాలు సర్దుకున్నాయి. వేళ్ళు ఉన్నిని సాగదీస్తున్నప్పుడు లోపలి పోగులు ఒకదాని మీంచి ఒకటి జారడం తెలుస్తోంది. ఎంత జారితే చాలో, ఎక్కడ ఆపాలో ఆమె ఆలోచించకముందే వేళ్ళు ఆపుతున్నాయి. శుక్రవారం సాయంత్రానికి బూడిదరంగు ఉన్నితో నిండు కండె ఒకటి తయారైంది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి చూపించాలనిపించింది. షెడ్డు సొత్తు బయటికి వెళ్ళకూడదు గనక గూట్లో పెట్టి, గుమ్మం దాటబోతూ వెనక్కి వచ్చి ఇంకోసారి చూసుకుని వెళ్ళింది.

శనివారం పేనే పరీక్ష. ఒంటిపోగు మగ్గం మీద నిలవదు. అందుకని రెండు పోగులు కలిపి, వడికిన వైపుకి ఎదురు వైపుగా కదురు తిప్పి పేనుతారు. అప్పుడు రెండూ ఒకదాన్నొకటి కౌగిలించుకుని నిలబడతాయి. కొత్తవాళ్ళ పోగుకి పాతవాళ్ళ పోగు తోడివ్వడం ఆ షెడ్డులో ఆనవాయితీ. పాత పోగు బలం మీద కొత్త పోగు నిలదొక్కుకుంటుందని వాళ్ళ లెక్క. బొత్తాలక్క పోగుకి తోడు పొడుగు పోగే. ఇద్దరి కండెలూ రెండు గిన్నెల్లో పెట్టి, రెండు కొసలూ కలిపి కదురు కొక్కేనికి తగిలించారు. పేనడం మేస్త్రమ్మే స్వయంగా మొదలుపెట్టింది.

మూర దారం దిగేసరికి ఏదో తేడా వచ్చింది. పొడుగు తెల్లపోగు ఎప్పటిలాగే మెత్తబడి ఒదిగింది. బూడిదపోగు మాత్రం ఒదగలేదు. బిగుసుకుపోయి, మెలికలు తిరిగి, ముళ్ళు ముళ్ళుగా పైకి లేచింది. మేస్త్రమ్మ విప్పి రెండో వైపుకి తిప్పి చూసింది. ఈసారి బూడిదపోగు పురి వదిలేసి విడివిడి ఉన్ని అయిపోయింది, తెల్లది బిర్రబిగిసింది. అందరూ కదుళ్ళు ఆపి చూస్తున్నారు. మేస్త్రమ్మ ఇంకో రెండుసార్లు ప్రయత్నించింది. నాలుగోసారి బూడిదపోగు చేతిలోనే తెగింది.

"పుర్రచేతి పని పుర్రచేతి పనే" అంటూ ఆ నిండు కండెను తీసి, గుమ్మం పక్కనున్న తుక్కు గంపలో వేసింది.

గట్టిగా కూడా అనలేదు. చెయ్యి దులుపుకుంటూ మామూలుగా అంది. బొత్తాలక్క ఆ గంప కేసి చూసింది. ఎంత అనుభవం ఉన్నా ఎందుకలా అయిందో ఆ క్షణాన పొడుగుకీ తెలియలేదు. తెలియకుండా ఏమని వాదిస్తుంది? పూచీ పడ్డ మనిషి తలవంచుకుంది. బొత్తాలక్క చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు సెలవు. పొడుగు పొద్దున్నే వచ్చి తలుపు తట్టింది. గుప్పిట్లో తుక్కు గంపలోంచి తీసిన బూడిదపోగు ముక్క ఉంది, తన తెల్లపోగు ముక్క ఉంది. బొత్తాలక్క గిన్నెలు తోముతోంది, తల ఎత్తలేదు. ఇక ఆ షెడ్డు గుమ్మం తొక్కనని, నా వల్ల నువ్వు మాటపడొద్దని అంది. పొడుగు అదేమీ పట్టించుకోకుండా ఆమె తడిచేతిని పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు పోగులూ పక్కపక్కన నిలువుగా పట్టుకుంది.

"సరిగా చూడు. నాది ఎటు వాలింది?"

తెల్లపోగులోని వెంట్రుకలన్నీ కుడి పైకి వాలి ఉన్నాయి. బూడిదపోగులోవి ఎడమ పైకి వాలి ఉన్నాయి. ఎండలో పెట్టి చూస్తే ఎంత స్పష్టమో.

"నీ ఎడమచెయ్యి అటు తిప్పుతుంది, మా కుడిచేతులు ఇటు తిప్పుతాయి. నీది ఎడమ పురి. రెంటినీ కలిపి పేనితే ఒకటి విప్పుకుంటుంటే ఒకటి బిగుసుకుంటుంది. నీ దారంలో దోషం లేదే. నా దారాన్ని తోడివ్వడమే తప్పు. రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకుంటే ఇప్పటికి తెలిసింది."

బొత్తాలక్క ఆ పోగును తన వేళ్ళ మధ్య నలిపి చూసింది. గిన్నెల మాటే మరిచిపోయింది.

సోమవారం ఇద్దరూ కలిసి వెళ్ళి మేస్త్రమ్మకు చూపించారు. ఆవిడ పోగులు వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది. కాదనలేదు. అయితే ఏం చేయమంటావు, అని పొడుగునే అడిగింది. ఇక్కడ పదిమంది దారమూ ఒకే చోట కలుస్తుంది, అందులో ఒక్క ఎడమ కండె కలిసినా మగ్గం మీద వస్త్రమంతా పాడవుతుంది. పోనీ వేరుగా పెడదామంటే ఒక్క మనిషి దారంతో ఏ దుప్పటి నేస్తారు? ఆవిడ చెప్పినదాంట్లోనూ న్యాయముంది.

"అయితే ఇద్దరం వడుకుతాం. నేనూ ఎడమచేత్తో వడుకుతా. తోడుపోగు నాదే అవుతుంది" అంది పొడుగు.

షెడ్డంతా ఆమె కేసి చూసింది. మేస్త్రమ్మ, గురువారం కొత్త ఉన్ని వస్తుందని, ఆలోగా ఇద్దరి పోగులూ కలిపి పేని చూపించమని చెప్పింది.

అలా పొడుగు మళ్ళీ కొత్తామె అయింది. ఎడమచేత్తో చిటికె వేస్తే కదురు అలిగిన చుట్టంలా ఆగింది. వెనక్కి తిరిగింది. పడింది. గచ్చు మీద దొర్లింది. పొడుగు కదురు పడడం ఆ షెడ్డు ఎన్నడూ చూడలేదు. నవ్వులక్క నవ్వు ఆపుకోలేక కిటికీ ఊచలు పట్టుకుంది. పొడుగు కూడా మొదటిరోజు నవ్వింది. నేర్పడం ఇప్పుడు బొత్తాలక్క వంతు. కదురుని చూడకే, అంది. మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

రెండోరోజు మధ్యాహ్నానికి నవ్వు పోయింది. కదురు వరసగా పడుతూనే ఉంది. పొడుగు మెడ మీద చెమట. బొటనవేలు కాస్త వదులు చెయ్యమని బొత్తాలక్క అంటే, నాకు నేర్పకు, అని కసిరింది.

"ఇన్నేళ్ళు వడికిన చెయ్యి నాది. ఇప్పుడు ఇంతమంది ముందు పసిపిల్లలా నిలబడ్డానంటే ఎవరి కోసం?" అని కదురు బల్ల మీద పడేసింది.

బొత్తాలక్క ఆ కదురు తీసి, చిక్కుపడ్డ ఉన్నిని ఒక్కొక్క పోగూ విడదీసింది. చివరికి మెల్లగా అంది, "వద్దులే పొడుగూ. నువ్వు తలెత్తుకు తిరిగేచోట నా మూలంగా ఎందుకు? నాకింకేదో పని దొరక్కపోదు."

సాయంత్రం వేర్వేరుగా ఇళ్ళకి వెళ్ళారు. ఆ దారిలో వాళ్ళిద్దరూ అలిగి విడివిడిగా నడవడం అదే మొదలు. బొత్తాలక్క ఇంటికెళ్ళి భర్తతో, రేపు వెళ్ళి గూట్లో ఉండిపోయిన నా అన్నం డబ్బా తెచ్చేసుకుంటా, అంది. ఆయన ఈసారి జోకు వేయలేదు. వెళ్ళు, డబ్బా కోసమైనా వెళ్ళు, అన్నాడు.

డబ్బా కోసమే వెళ్ళింది. వెళ్ళేసరికి షెడ్డు ఇంకా తెరవలేదు. వెనక మెట్ల మీద పొడుగు నిలబడి ఉంది. ఎడమచేతి చూపుడువేలికి గుడ్డపీలిక కట్టుకుంది. పై మెట్టు నుంచి కదురు వదిలింది. అది ఊగుతూ, తడబడుతూ, తిరుగుతూ కింది దాకా దిగింది. పడలేదు.

"ఇల్లంతా నిద్ర లేపాను. కదురు పడ్డప్పుడల్లా గిన్నెలు పడ్డాయనుకుని మా కోడలు వంటింట్లోకి వెళ్ళి చూసొచ్చింది" అంది పొడుగు. ఆ తర్వాత కళ్ళు దారం మీదే ఉంచి, "నిన్న నోరు జారాను. నువ్వు బల్లకోడుకి కట్టేసిన చేత్తో నేర్చుకున్నావు. నా చేతినెవరూ కట్టలేదుగా, నాకెందుకు రాదు?" అంది.

బొత్తాలక్క ఆమె పక్కన కూర్చుంది. బొటనవేలు ఇంకా బిగబట్టావే, అంది. పొడుగు వదులు చేసింది. డబ్బా మాట ఇద్దరూ ఎత్తలేదు.

గురువారం పొద్దున రెండు గిన్నెల్లో రెండు కండెలు పెట్టారు. ఒకదాంట్లో బొత్తాలక్క కొత్తగా వడికిన బూడిదపోగు. ఇంకోదాంట్లో పొడుగు ఎడమచేత్తో వడికిన తెల్లపోగు. పేనింది బొత్తాలక్కే. ఎడమ పురిని పేనాలంటే కదురు కుడికి తిరగాలి. అది తెలిసి పొడుగు నవ్వింది, ఇన్నాళ్ళకి నీ కుడిచేతికీ పని దొరికింది, అని. ఎదురు వైపుకి ఎక్కుతున్న పురికి రెండు పోగులూ మొదట కాస్త బెదిరాయి, ఆ తర్వాత ఒకదాని భుజం మీద ఒకటి వాలాయి. బొత్తాలక్క రెంటి మధ్యా వేలు పెట్టి సమంగా వదులుతోంది. ఒకటి జోరుగా వస్తే రెండోదాన్ని కొంచెం లాగుతోంది. కిటికీలోంచి వెలుతురు పడి తెలుపూ బూడిదా మెలిమెలిగా మెరిశాయి. కండెలు ఖాళీ అయ్యేదాకా ఆమె ఎవరి ముఖమూ చూడలేదు.

దారాన్ని పెద్ద వలయంలా, చిలపగా చుట్టి, గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, పిండి, కొక్కేనికి తగిలించారు. సరిగ్గా పేనని చిలప తగిలించగానే తనంతట తాను మెలితిరుగుతుంది. ఇది తిరగలేదు. నీళ్ళు చుక్కచుక్కగా కారుతుంటే నిటారుగా వేలాడింది.

మేస్త్రమ్మ వచ్చి దాని ముందు నిలబడింది. కళ్ళజోడు పైకి జరిపి, దారాన్ని వేళ్ళ మధ్య జార్చుకుంటూ చివరి దాకా చూసింది. మగ్గం గదిలోంచి నేతగాడిని పిలిచి చూపించింది. అడ్డపోగంతా ఇదే వేస్తే ఇబ్బందేమీ లేదని, మామూలుదానిలో మాత్రం కలపొద్దని ఆయన చెప్పి వెళ్ళిపోయాడు. మేస్త్రమ్మ బొత్తాలక్క వైపు తిరిగింది. ఈసారి పొడుగుతో కాదు, ఆమెతోనే మాట్లాడింది.

"బూడిదపోగు సాపుగా ఉంది, అది పాత చెయ్యి. ఈ తెల్లపోగు చూడు, అక్కడక్కడా లావెక్కింది. కొత్తలో అంతే, కంగారుపడకు. ఇంకో వారానికి నీ చెయ్యి కూడా కుదురుకుంటుంది."

బొత్తాలక్క పొడుగు కేసి చూసింది.

"తెల్లది నాది, మేస్త్రమ్మా" అంది పొడుగు.

ఎవరి రంగేదో మరిచి పనితనం చూసే మాట్లాడిన మేస్త్రమ్మ మళ్ళీ దారం కేసి చూసింది. తెల్లపోగు మీద వేలు పెట్టి, లావుగా ఉన్నచోట ఆపింది. ఆవిడ ముఖంలో కోపం లేదు, సిగ్గూ లేదు. ఒక పని లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకునే మనిషి ముఖం అది. లోపలికి వెళ్ళి సుత్తీ మేకూ తెచ్చింది. మిగతా చిలపలు వేలాడే గోడకి ఎదురుగోడన, తన చేత్తోనే మేకు కొట్టి ఆ చిలపను దానికి తగిలించింది.

"అయితే పొడుగూ, నువ్వు ఇంకో వారం బొత్తాలక్క పక్కనే నిలబడు" అంది. ఆ తర్వాత షెడ్డు అంతా వినేలా చెప్పింది. ఎడమ పురితో దుప్పటి నేయాలంటే ఇద్దరి దారం చాలదు. ఇంకొకరైనా కావాలి. వచ్చిన చెయ్యి మార్చుకోమని ఎవరినీ బలవంతపెట్టను. ఇష్టమున్నవాళ్ళు బొత్తాలక్క దగ్గర నేర్చుకోవచ్చు.

కొందరు తలలు దించుకుని ఉన్ని చిక్కు తీసుకున్నారు. పొడుగంతటిది పడ్డ పాట్లు అందరూ చూశారు, ఎవరు ముందుకొస్తారు? మేస్త్రమ్మ కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. కొత్త ఉన్ని బస్తాలు దింపుతున్న చప్పుడు వినిపించింది. అందరూ పనిలో పడ్డారు.

కిటికీ దగ్గర మాత్రం కదురు ఆగి ఉంది. నవ్వులక్క దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూసింది. ఈసారి ఆమె నవ్వడం లేదు. ఉన్ని పాయను ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుంది. ఎడమచేత్తో కాడ పట్టుకుని, ఎవరినీ అడక్కుండా, ఎవరూ చెప్పకుండా ఒక్క చిటికె వేసి వదిలింది.

కదురు మొదటిసారికే గిర్రున తిరిగింది. నేల దాకా దిగింది. నవ్వులక్క దారం చుట్టుకుని మళ్ళీ వదిలింది. మళ్ళీ వదిలింది. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి.

బొత్తాలక్క తన ఉన్ని బుట్ట తీసుకుని, షెడ్డు దాటి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. నేర్పడానికేమీ లేదక్కడ, అదీ పుట్టుకతో పుర్రచెయ్యే. కిటికీ దగ్గర కాస్త జరిగి చోటిచ్చింది నవ్వులక్క. ఇద్దరూ వడకడం మొదలుపెట్టారు.